గోరు దిగిన టైరు

టైర్ల విషయంలో నాకు ఎవరి మాటా వినే అలవాటు లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ముందే ఒప్పేసుకుంటున్నాను. జరిగిన రాద్ధాంతమంతా ఆ అలవాటు వల్ల జరిగిందే. స్టీరింగు పట్టి ఇరవై రెండేళ్ళయింది. అందులో పదిహేనేళ్ళు దోహాలో ఒకే ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. రాయచోటి పక్క పల్లె నుంచి ఇక్కడ దిగిననాడు నాకొచ్చిన అరబ్బీ రెండే మాటలు: యల్లా, మాఫీ. పద అనడానికి ఒకటి, లేదు అనడానికి ఒకటి. మొదటి సంవత్సరమంతా ఆ రెంటితోనే నెట్టుకొచ్చాను.

ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానురాలిని ‘మామా’ అంటాం. మా ఊళ్ళో మామ అంటే మీసాలున్న మనిషి. అందుకని కొత్తలో ఆ పిలుపు పిలవబోతే నాకు నవ్వు ఆగేది కాదు. మా మామా తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. నేను పనిలో చేరేనాటికి ఆమె చిన్న కూతురికి తొమ్మిదేళ్ళు. బడికి నేనే దింపాను, కాలేజీకి నేనే దింపాను, ఆ తర్వాత వెస్ట్ బేలో ఉద్యోగానికీ నేనే దింపాను. ఇరవై నాలుగేళ్ళొచ్చినా నాకు ఆమె పాపే.

ఆ పాప తన జీతం దాచుకుని ఒక కారు కొన్నది. ఇంట్లో ఏనుగుల్లాంటి జీపులు నాలుగుంటే, వాటి పక్కన ఇది పిల్లిపిల్లలా ఉండేది. రెండే సీట్లు. ఎత్తు నా నడుము దాకా వస్తుందేమో. అందులో కూర్చోవాలంటే ముందు ఒక కాలు లోపల పెట్టి, తల వంచి, మిగతా ఒంటిని దేవుడి మీద భారం వేసి వదిలేయాలి. దిగడం ఇంకో కథ. పాప చటుక్కున దిగేది. నేను మాత్రం ముందు చేతులు నేలకు ఆనించి, ఆ తర్వాత లేచేవాణ్ణి. అది చూసి ఆ పిల్ల పడీ పడీ నవ్వేది. స్పోర్ట్స్ కారంటే ఇంజను పెద్దదని అనుకునేవాణ్ణి. కాదు. ఇంజను చిన్నదే, బండే తేలిక. జీపు బరువులో మూడో వంతు ఉంటుందో లేదో. బరువు లేదు కాబట్టి అనుకున్న చోట తిరుగుతుంది, అనుకున్న చోట ఆగుతుంది. ఒకసారి నన్ను నడపమంది. సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు వెంబడి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, పదిహేనేళ్ళుగా నేను నడిపినవి బండ్లా, ఎడ్లబండ్లా అని అనుమానం వచ్చింది. నాకు ఆ కారంటే ప్రేమ పుట్టింది. దాచడమెందుకు!

పాపకు స్విట్జర్లాండ్‌లో రెండేళ్ళ చదువుకు సీటొచ్చింది. కారు కూడా తనతో వస్తుందంది. ఓడ మీద పంపాలి. ఆ దేశానికి సముద్రం లేదు, అక్కడికి పక్క దేశపు రేవులో దిగేసరికి చలికాలం. రేవు నుంచి కొండల మీదుగా, మంచులో, తానే నడుపుకుంటూ చదువుకునే ఊరు చేరాలి. అందుకని కారు ఇక్కడ ఓడెక్కేటప్పుడే మంచు టైర్లు బిగించి ఉండాలని ఓడ ఏజెంటు చెప్పాడు. చలి పోయాక వేసుకోవడానికి మామూలు రోడ్డు టైర్లు ఇంకో సెట్టు కావాలి. ఉన్నవి పాతబడి పగుళ్ళిచ్చాయి. అంటే మొత్తం ఎనిమిది టైర్లు. బాబా, అంటే ఇంటి యజమాని, ఒక్క మాటతో చేతులు దులుపుకున్నాడు: "మీ అమ్మ సరేనంటే నాకూ సరే."

మామా మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు నన్ను పిలిచింది.

"మంచు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నీకు తెలుసా?"

"తెలియదు మామా."

"టైర్లు?"

"తెలుసు మామా."

"అయితే టైర్లు నువ్వే చూడు. బాగున్నాయని నువ్వు నా ముందు నిలబడి చెప్తే కారు ఓడెక్కుతుంది. చెప్పలేకపోతే మా అన్న కొడుకు కొనుక్కుంటానంటున్నాడు, వాడికి ఇచ్చేద్దాం. పాప రైల్లో తిరుగుతుంది."

పాప తలుపు పక్కనే నిలబడి ఉంది. నా వైపు చూసి కళ్ళెగరేసింది. నువ్వున్నావుగా, ఇక భయమేముంది అన్నట్టు. ఓడకు ఇంకా పద్దెనిమిది రోజులుంది.

సనయ్యాలో, అంటే ఇండస్ట్రియల్ ఏరియాలో, నేను ఎప్పుడూ వెళ్ళే టైర్ల షాపు ఒకటుంది. ఓనరు మలయాళీ. తల మీద వెంట్రుక లేదు గానీ మాటకు తిరుగు లేదు. ఇద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం, ఇద్దరిదీ ఒకే రకం హిందీ, వింటే హిందీవాళ్ళు ఏడుస్తారు. ముందు రోడ్డు టైర్లు చూశాం. ఈ కారుకు ముందు చక్రాలు సన్నం, వెనకవి వెడల్పు. ఆ సైజుల్లో దొరికేవే తక్కువ. ఉన్న రెండు రకాల్లో, మలయాళీ వద్దంటున్నా, నేను గట్టివి తీయించాను, ఎక్కువ బరువు మోసేవి. గట్టిది మంచిదని కదా లోకమంతా అనుకునేది!

బిగించి ఇంటికొచ్చే దారిలో మొదటి స్పీడ్ బ్రేకరు మీదే కారు మేకపిల్లలా గెంతింది. పక్క సీట్లో పాప "అయ్యో నా నడుం!" అని అరిచింది, అరవడం అయ్యాక నవ్వింది. వెనక్కి తిప్పుకుని షాపుకి పోయాం. మలయాళీ మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేవలేదు.

"నీకు చెప్పాను. పెళ్ళి మంచం కోళ్ళు తీసుకెళ్ళి పసిపిల్ల ఉయ్యాలకు బిగించావు. ఈ కారుకు బరువే లేదు. గట్టి టైరును నొక్కేదెవరు?"

"గాలి ఎక్కువైంది, అంతే," అన్నాను నేను. టైరుది తప్పని నేనెందుకంటాను! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, నా సంగతి అదే.

ఒక్క చుట్టే తిరిగాయి కాబట్టి గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు. ఈసారి పక్కలు మెత్తగా ఉన్న రకం. గాలి కూడా నేను జీపులకు పట్టించే అంత కాదు, తలుపు లోపలి స్టిక్కరు మీద రాసినంతే పట్టించాం, చాలా తక్కువ. ఆ సాయంత్రం అల్ ఖోర్ రోడ్డు మీద పాప నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. కారు రోడ్డును తడుముకుంటూ పోతున్నట్టుంది. ఎండ తగ్గింది, కిటికీలు దించాం, పాప పాట పెట్టింది, నేను తాళం వేశాను. ఆ రోజు నాకంటే సుఖపడ్డవాడు ఖతర్‌లో ఉన్నాడంటే నేను నమ్మను.

ఇక మంచు టైర్లు. ఆ సైజులో మంచు టైరు ఎడారి దేశంలో ఎవడు ఉంచుతాడు? మలయాళీ ఎవరెవరికో ఫోన్లు చేసి, దుబాయ్ మీదుగా ఒకే ఒక్క సెట్టు తెప్పించాడు. వచ్చేసరికి పది రోజులు పట్టింది.

ఇక్కడ నా పరీక్ష గురించి చెప్పాలి. ఈ దేశపు ఎండ రబ్బరును తినేస్తుంది. అందుకని టైరు కొనేటప్పుడు మా డ్రైవర్లం ముందు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చదువుతాం. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పాతదైతే వద్దంటాం. ఆ తర్వాత బొటనవేలి గోరు గుచ్చి చూస్తాం. గోరు జారితే మంచి టైరు. గోరు దిగితే అది పాడైన సరుకో నకిలీదో, జూలై ఎండలో పేలిపోతుంది. ఈ విద్య నాకు ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక పాత డ్రైవరు నేర్పాడు. దుఖాన్ రోడ్డు మీద టైరు పేలి బోల్తా పడ్డ బండిని ఒకసారి నా కళ్ళతో చూశాను. అప్పటి నుంచి నాకు ఆ గోరు పరీక్ష వేదం.

షాపు బయట, మిట్టమధ్యాహ్నం, మంచు టైర్లు నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. సెప్టెంబరు చివరే గానీ ఎండ ఇంకా మాడుస్తోంది. టైరు మీద దోసకాయకు కత్తి గాట్లు పెట్టినట్టు సన్నటి గీతలున్నాయి, పక్కన కొండ బొమ్మ, దాని లోపల మంచు పువ్వు. అంకెలు చదివాను, కొత్త సరుకే. గోరు గుచ్చాను. చిక్కటి హల్వాలో దిగినట్టు దిగింది.

నా ఒళ్ళు మండింది. "ఏంటిది? పాపని చంపుతావా?"

"చలికి చేసిన రబ్బరు అది," అన్నాడు మలయాళీ. "మెత్తగానే ఉండాలి. ఎండలో పెట్టి గోరు గుచ్చితే దిగదా మరి?"

"మెత్తటి టైరు మంచిదని నాకు చెప్తావా? ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది!"

"ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు మంచు మీద నడిపావు?"

జవాబు లేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు, నేనూ పెంచాను. దొంగ సరుకు అమ్మేవాడివన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన టైర్లు లోపలికి దొర్లించి, "శనివారం సాయంత్రం లారీలో తిరిగి దుబాయ్ పంపేస్తాను," అన్నాడంతే. నేను ఇంటికొచ్చి మామా ముందు నిలబడి, టైర్లు బాగాలేవు, నకిలీవి అని చెప్పేశాను. అది మంగళవారం.

"సరే. ఆదివారం మా అన్న కొడుకు వచ్చి కారు తీసుకెళ్తాడు," అంది మామా. ఆమె ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది. నిజానికి ఆ కారు ఓడెక్కకూడదనే ఆమె కోరుకుంటోందని నాకు అప్పుడు అర్థమయింది.

పాప వాదించలేదు. అరిచినా బాగుండేది. మర్నాడు పొద్దున జీపులో ఎక్కి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఆఫీసు ముందు దిగేటప్పుడు మాత్రం ఒక్క మాట అంది.

"ఆ టైర్ల షాపాయన చెప్పింది విన్నావా?"

"విన్నాను."

"వినలేదు," అని తలుపు వేసింది. ఆ తర్వాత నాతో మాటల్లేవు. తొమ్మిదేళ్ళప్పుడు బడి దగ్గర ఐస్‌క్రీం కొనివ్వలేదని అలిగినప్పుడు కూడా ఇంటికొచ్చేలోపు మాట్లాడేసేది. ఇప్పుడు రెండు రోజులు. నాకు అన్నం సయించలేదు.

శుక్రవారం సెలవు. సనయ్యా క్యాంపులో మా జగిత్యాల తమ్ముడి రూముకి పోయాను. సొంత తమ్ముడు కాదు, వాడూ నేనూ ఒకే విమానంలో దిగినవాళ్ళం. వాడు కంపెనీ కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, ఇంత పెద్ద హాలు, గడ్డకట్టిన కోడి మాంసం డబ్బాలు, లోపల ఎప్పుడూ గుండె వణికే చలి. శుక్రవారం మాంసం వండితే నాకు కబురు పెడతాడు. నేను సంగటి అంటాను, వాడు జొన్నరొట్టె అంటాడు, చివరకు ఇద్దరం అన్నమే తింటాం.

వాడి గుమ్మం ముందు బూట్లు ఒకవైపు పెట్టున్నాయి. కాలు తగిలి పడబోయి వాటి మీద చెయ్యి వేశాను. అడుగు అట్ట మెత్తగా, పిసికిన పిండిలా ఉంది.

"యాడ కొన్న్యావురా యీ బూట్లు? రబ్బరు కుళ్ళిపోయినట్టుండాదే!" అన్నాను.

వాడు నన్ను లోపల కూర్చోబెట్టి, కంచం ముందు పెడుతూ నవ్వాడు. "కుళ్ళలేదే అన్నా. గవి కంపెనీ ఇచ్చినయి. బయట మెత్తగుంటయి. ఫ్రీజర్ల వడ్డంక మంచిగ పట్టుకుంటయి. మామూలు బూట్లు ఏసుకొని పోతే గవి లోపల కట్టె లెక్క అయితయి. మొదటి సంవత్సరం గట్లనే పోయి, జారి పడ్డ. గీ మోచేతికి దెబ్బ తాకింది సూడు."

ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాణ్ణి పెట్టుకోలేదు.

"మళ్ళా జెప్పు."

"ఏంది?"

"ఆ బూట్ల ముచ్చట మళ్ళా జెప్పు."

చెప్పాడు. రెండోసారి వింటున్నప్పుడు సనయ్యా షాపు ముందు నేను అరిచిన అరుపులన్నీ నాకే వినిపించాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కింద నుంచి సంతోషం ఎట్లా పొంగుకొచ్చిందో చెప్పలేను. కారు పోనక్కర్లేదు! నేను తప్పు, కాబట్టి కారు పోనక్కర్లేదు! తప్పు చేశానని తెలిసి అంత సంతోషపడడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఏడికి పోతున్నవే? బుక్కెడు తిని పో!" అని వాడు వెనక నుంచి కేకేస్తూనే ఉన్నాడు.

శుక్రవారం షాపులు నాలుగింటికి తెరుస్తారు. మూడున్నరకే షట్టరు ముందు నిలబడ్డాను. మలయాళీ వచ్చి, నన్ను చూసి, తాళం తీయకుండా జేబులో చేతులు పెట్టుకున్నాడు.

"ఏం కావాలి?"

"మంచు టైర్లు."

"దొంగ సరుకు కదా?"

"దొంగ సరుకు కాదు. నాకు తెలియక అన్నాను."

"అప్పుడు గట్టిగా అన్నావు. ఇప్పుడు నాకు సరిగ్గా వినపడ్డం లేదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పక్క షాపుల వాళ్ళు వినేటట్టు గట్టిగా చెప్పాను: నాది తప్పు, ఈయన సరుకు మంచిది, ఈయన మనిషి ఇంకా మంచివాడు. ఆయన నవ్వు ఆపుకోలేక షట్టరు ఎత్తాడు. రెండు టీలు తెప్పించాడు. నా టీలో చక్కెర వేయించలేదు, అదే నాకు వేసిన శిక్ష. పోయేటప్పుడు, నేను చేయబోయేది విని, ఒక హెచ్చరిక చేశాడు: "గడ్డకట్టిన రోడ్డు టైరును కింద పడేయకు, వంచకు. పగులుతుంది. మళ్ళీ వచ్చి నన్ను తిడతావు."

చేయబోయేది ఏమిటంటే, షాపు నుంచి ఒక రోడ్డు టైరు, ఒక మంచు టైరు తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో పెట్టడం. మామాకు మాటలతో చెప్తే లాభం లేదు. మంగళవారం చెడ్డవన్నవాడు శనివారం మంచివంటే ఎవరు నమ్ముతారు? జగిత్యాల తమ్ముడు వాళ్ళ మిస్రీ, అంటే ఈజిప్టు దేశపు, సూపర్‌వైజరును బతిమిలాడి, సాయంత్రం డ్యూటీకి పోతూ రెండూ లోపల పెట్టించాడు. కోడి డబ్బాల వరుస పక్కన, శుభ్రంగా ప్లాస్టిక్ చుట్టి.

శనివారం పొద్దున మామా కాఫీ తాగుతుంటే పోయి నిలబడ్డాను.

"మామా, నేను తప్పు చెప్పాను. ఆ టైర్లు మంచివే."

ఆమె కప్పు కింద పెట్టింది. పదిహేనేళ్ళలో నా నోటి నుంచి ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. "ఆ రోజు అట్లా అన్నావు. ఈ రోజు ఇట్లా అంటున్నావు. పాప అలిగిందని మాట మార్చావా?"

"కాదు మామా. నా మాట నమ్మొద్దు. మీరు వచ్చి చూడండి."

వస్తుందని అనుకోలేదు. వచ్చింది. పాప కూడా మాట్లాడకుండా వచ్చి జీపెక్కింది. ఇంత పెద్ద ఇంటావిడ తన కోల్డ్ స్టోరేజీ ముందు దిగేసరికి మిస్రీ సూపర్‌వైజరు కంగారుపడిపోయి, ఎదురుగా ఉన్న కుర్చీని మూడుసార్లు తుడిచాడు. లోపలికి పోవాలంటే కోట్లు వేసుకోవాలి. నల్లటి అబాయా మీద మోకాళ్ళ దాకా వచ్చే నారింజ రంగు కోటు, తలకు టోపీ, చేతులకు గ్లవుజులు. మామా తన వైపు తాను ఒకసారి చూసుకుంది. పాపకు నవ్వొచ్చి నోరు మూసుకుంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

తలుపు తీసేసరికి తెల్లటి పొగ కాళ్ళను చుట్టుకుంది. లోపల గోడ మీద అంకె మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది. జగిత్యాల తమ్ముడు తన మెత్తటి బూట్లతో చకచకా ముందు నడిచాడు, వాడి వెనక మేం కోడిపిల్లల్లా అడుగులో అడుగు వేసుకుంటూ పోయాం. ప్లాస్టిక్ తీశాడు.

"ముందు ఇది, మామా." రోడ్డు టైరు చూపించాను.

ఆమె గ్లవుజు తీసి గోరు ఆనించింది. గోరు జారిపోయింది. ఇంకోసారి గుచ్చింది. పలక మీద గీసినట్టు టిక్కుమంది.

"ఇప్పుడు ఇది."

మంచు టైరులో గోరు దిగింది. పూర్తిగా కాదు గానీ, దిగింది. ఆమె వేలు తీసి, గుర్తు చూసి, పక్కన ఇంకో చోట గుచ్చింది. అక్కడా దిగింది. పాప కూడా గుచ్చింది. మిస్రీ సూపర్‌వైజరుకు ఏమీ అర్థం కాకపోయినా ఆయన కూడా వచ్చి గుచ్చాడు.

"గట్టిపడ్డ రబ్బరు మంచు మీద జారుతుంది మామా. ఇది గట్టిపడదు, పట్టుకుంటుంది. ఆ రోజు ఎండలో చూసి నేను పొరపడ్డాను."

మామా గ్లవుజు మళ్ళీ తొడుక్కుంది. నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పోదాం పద అంటుందనుకున్నాను.

"అక్కడ ఇంత చలి ఉంటుందా?" అని కూతుర్ని అడిగింది.

"ఇంత ఉండదు అమ్మా. దీంట్లో సగం. ఎప్పుడన్నా ఇంత."

"మీరు పదండి. నేను ఇంకొంచెం సేపు ఉంటాను."

ఎవరమూ కదల్లేదు. కోడి డబ్బాల మధ్య నారింజ కోటులో, చేతులు కట్టుకుని, తన బిడ్డ రెండేళ్ళు ఉండబోయే చలిలో ఆమె నిలబడింది. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో. నాకు మాత్రం చాలా సేపనిపించింది. పాప వెళ్ళి తల్లి పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

బయటికొచ్చాక మామా సూపర్‌వైజరును అడిగింది: "ఈ కోటు ఎక్కడ దొరుకుతుంది?" ఆయన గబగబా తన కోటే ఇవ్వబోయాడు. "నాకు కాదు, దానికి," అని కూతురి వైపు చూపించింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "కారు ఓడెక్కించు," అంది.

పాప సనయ్యా రోడ్డు మీదే ఎగిరి గంతేసింది. జీపులో ముందు సీటెక్కి, ఇయర్‌ఫోన్లు తీసి డాష్‌బోర్డు మీద పడేసి, ఇల్లు చేరేదాకా వాగుతూనే ఉంది. నా గోరు పరీక్ష గురించి నన్ను ఎంత ఆటపట్టించిందంటే, మామా కూడా వెనక సీట్లో ముసుగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రమే నాలుగు మంచు టైర్లు బిగించాం. మలయాళీ తన చేత్తో గాలి పట్టి, తన చేత్తో స్టిక్కరు సరిచూశాడు. ఓడ దాకా మాత్రం కారును నడపనివ్వలేదు, లారీ మీద తీసుకెళ్ళాలన్నాడు. ఈ ఎండలో ఆ రబ్బరు అరిగిపోతుందట. ఈసారి నేను నోరు మూసుకుని విన్నాను.

డిసెంబరులో ఒక పొద్దున నేను జీపు కడుగుతుంటే మామా ఫోను పట్టుకుని గ్యారేజీకి వచ్చింది. గ్యారేజీకి ఆమె ఎప్పుడూ రాదు. పాప ఫొటో పంపింది. కొండ మలుపులో కారు ఆపి, పక్క గట్టు పైకి ఎక్కి, తాను వచ్చిన దారిని ఫొటో తీసింది. అంతా తెలుపు. మధ్యలో రెండు టైరు గీతలు. అంత దూరం మంచులో మొదటిసారి ఒక్కతే నడిపానని కింద రాసింది.

మామా వేళ్ళతో ఫొటోను పెద్దది చేసింది. వాళ్ళది ఎడారి వంశం. ఇసుక మీద గుర్తు చూసి ఏ ఒంటె ఎటు పోయిందో, ఎంత అలిసిపోయిందో చెప్పేవాడట ఆమె తండ్రి. మంచు ఎట్లా ఉంటుందో తెలియదన్న మనిషి ఆ తెలుపును ఇసుకను చదివినట్టే చదవడం మొదలుపెట్టింది.

"ఇక్కడ నెమ్మదించింది. చూడు, గీత ఎక్కడా పక్కకు పోలేదు, జారలేదు. ఇక్కడ ఆగింది." ఇంకా పెద్దది చేసింది. "భయపడి ఆగింది. దిగింది. ఇవి అడుగులు."

నేనూ వంగి చూశాను. చిన్న చిన్న అడుగులు, కింద దారి మధ్యలో కారు ఆగిన చోట చుట్టూ ఉన్నాయి. ముందు చక్రం దగ్గర లోతుగా, అక్కడ కూర్చున్నట్టు. తర్వాత వెనక చక్రం దగ్గర, ఆవలి వెనక చక్రం దగ్గర, ఆవలి ముందు చక్రం దగ్గర. నాలుగు చక్రాల దగ్గరా ఆగి చూసి, మళ్ళీ తన తలుపు దగ్గరికి వచ్చాయి. అక్కడి నుంచి టైరు గీతలు కొండ మీదికి తిన్నగా పోయాయి.

బండెక్కే ముందు నాలుగు టైర్లూ చూసుకోమని నేను ఆ పిల్లకు ఏనాడూ చెప్పలేదు. రోజూ పొద్దున బడికి బయల్దేరే ముందు నేను అట్లా జీపు చుట్టూ తిరిగేవాణ్ణి, ఆమె వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని త్వరగా పద పద అని విసుక్కునేది. చూస్తోందని నాకు తెలియదు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, ఇంకేమీ కాదు. గొట్టంలోంచి నీళ్ళు నా చెప్పుల మీద పారుతున్నాయి, కట్టేయాలని కూడా తోచలేదు. మామా నా వైపు చూసింది, ఫోను వైపు చూసింది. "ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది," అని లోపలికి వెళ్ళిపోయింది.